మధుమేహమును, శాకవర్ణములును

(మన సంఘ వార్షిక మహాసభయందు చేసిన ప్రసంగము)

   

ఈ మహాసభయందు నన్ను గూడ నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు మా యింటికి వచ్చి కోరిరి. “మాస్టారూ! తమరు సంస్కృతము చదివినవారు. మన ప్రాచీనుల వైద్యమును గూర్చి, ముఖ్యముగా పసుపు మహిమను గూర్చి, ఉసిరిక మహిమను గూర్చి సెలవీయవలయును” అనిరి. నేను వెంటనే యొప్పుకొనలేదు. రెండు దినములు వ్యవధి యడిగితిని. ముప్పదినాలుగు సంవత్సరములు బడిపిల్లలచే రామశబ్దము వల్లింపజేసినవానికి సభలో మాటలాడుట కష్టము గాదు. ఐనను ఆ విషయము వినగానే నా నోరు తడబడినది. ఏల తడబడినదో ఈ ప్రసంగము ముగియులోపల మీకే తెలియగలదు. మూడవనాడు వారికి కబురు పంపితిని: “పసుపును గూర్చియే చెప్పెదను. కాని మహిమ మాత్రమే చెప్పను. హద్దును గూడ చెప్పెదను.” వారు దయతో సమ్మతించిరి.

ప్రసంగమునకు శాకవర్ణములని పేరు పెట్టితిని. కులసంఘ సభలో ‘వర్ణము’ అనగానే వర్ణాశ్రమచర్చ వచ్చునని యెవ్వరును బెదరవలదు. నేను చెప్పబోవునది వంకాయ తొక్కయందలి వర్ణమును గూర్చి, తోటకూర కాడయందలి వర్ణమును గూర్చి, నేరేడుపండు తిన్న పిల్లవాని నాలుకమీది వర్ణమును గూర్చి మాత్రమే.

మొదట మన యవస్థను విచారింతము. భారత వైద్య పరిశోధన మండలివారి సాయముతో దేశమంతట జరిగిన పరిశీలన యొకటి 2023వ సంవత్సరమున ప్రకటితమైనది. దాని ప్రకారము 2021 నాటికి మన దేశమున మధుమేహము గలవారు 10.1 కోట్లు, ఆ వ్యాధి వాకిట నిలిచియున్నవారు మఱి 13.6 కోట్లు. వయసు వచ్చినవారు నూఱుమందిలో పదునొకండుగురికి మించి యీ వ్యాధి కలదు. ఇంతకుముందే మన భోజనపంక్తిలో నేను చుట్టును చూచితిని. విస్తరి ముందు కూర్చుండి చొక్కాజేబులోనుండి మాత్రల పొట్లము తీయనివారు పెద్దలలో తక్కువగా కనబడిరి. ఆ పొట్లము నా జేబులోను గలదు. పదునెనిమిది సంవత్సరములుగా నేనును మీ పంక్తివాడనే.

ఈ వ్యాధి మనకు క్రొత్తది గాదు. చరక సుశ్రుతులు ప్రమేహములు ఇరువది విధములని లెక్కించిరి; వానిలో నొకదానికి చరకుడు మధుమేహమని పేరిడెను. సుఖాసనము, సుఖనిద్ర, పెరుగు, క్రొత్త ధాన్యము, బెల్లపు వంటకములు ఇవి దీనికి హేతువులని చరకుడు చెప్పెను. నేటి వైద్యులు దీనిని ముఖ్యముగా రెండు తెగలుగా విభజించుచున్నారు. మొదటి తెగయందు శరీరము ఇన్సులిన్ అను రసమును పుట్టించు శక్తినే కోలుపోవును. ఇది తఱచుగా పిన్నవయసున వచ్చును. అట్టి పిల్లలకు ఇన్సులినే ప్రాణాధారము. ఏ ఆకును, ఏ కాయయు, ఏ చూర్ణమును దానికి మాఱు గాజాలవు. ఈ మాటను తల్లులు గట్టిగా గుర్తుంచుకొనవలయును. రెండవ తెగయందు ఇన్సులిన్ ఉండును గాని, శరీరము దాని మాట సరిగా వినదు. కాలక్రమమున ఆ రసమును కొఱవడును. మనలో నెక్కువమందికి ఉన్నది ఈ రెండవ తెగ. నా ప్రసంగము దీనిని గూర్చియే.

శరీరము ఇన్సులిన్ మాట యేల వినదు? ఇచ్చట శోథమను మాట నెఱుగవలసియున్నది. కాలిలో ముల్లు దిగినచోట ఎఱుపు, వాపు, వేడి, నొప్పి పుట్టును. ఈ నాలుగు లక్షణములను రోమకదేశపు సెల్సస్ క్రీస్తు తరువాతి మొదటి శతాబ్దిలోనే వ్రాసియుంచెను. ఇది కంటికి కనబడు శోథము. శత్రువును తఱిమి నాలుగు దినములలో చల్లారునది గనుక మనకు మేలే చేయును. కంటికి కనబడని శోథము మఱియొకటి కలదు. దానికి ఎఱుపు లేదు, నొప్పి లేదు. నివురుగప్పిన నిప్పువలె ఏండ్ల తరబడి లోలోపల రగులుచుండును.

మధుమేహమునకును ఈ నిప్పునకును సంబంధము కలదని మొదట సూచించినది ఒక మందు. 1876లో జర్మనీ దేశపు వైద్యుడు ఎబ్‌స్టీన్, వాపును తగ్గించు సాలిసిలేటు అను మందును పెద్ద మోతాదులో నిచ్చినపుడు కొందఱు రోగుల మూత్రమున చక్కెర తగ్గుటను గమనించెను. 1901లో ఇంగ్లండున మాంచెస్టరునందు విలియంసన్ అను వైద్యుడును అట్టి ఫలితమునే ప్రకటించెను. కారణ మప్పుడు తెలియలేదు. తొంబదిరెండేండ్లు గడచిన పిదప, 1993లో, హోతమిస్లిగిల్, స్పీగెల్‌మన్ అను శాస్త్రజ్ఞులు తమ సహచరులతో గూడి, స్థూలకాయములైన ఎలుకల కొవ్వునుండి శోథమును రేపు పదార్థ మొకటి విశేషముగా పుట్టుచున్నదనియు, దానిని అణచినయెడల ఇన్సులిన్ మఱల చక్కగా పనిచేయుచున్నదనియు కనుగొనిరి. 2001లో అమెరికాలో స్త్రీలపై జరిగిన పరిశీలనయందు, రక్తమున శోథచిహ్నము లధికముగా నున్నవారికే తరువాత మధుమేహ మెక్కువగా వచ్చినట్లు తేలినది. 2003లో, ఉబ్బిన కొవ్వునందు రక్షకభటులవంటి మాక్రోఫేజులను కణములు గుంపులుగా జేరి నిప్పు రాజేయుచున్నవని తెలిసినది.

దీని సారము చెప్పెదను. నడుముచుట్టు కొవ్వు పెరుగును. ఆ కొవ్వునందు శోథము పుట్టును. ఆ శోథము కండరములకును కాలేయమునకును వ్యాపించి, ఇన్సులిన్ పిలుపు వినబడకుండ వాని చెవులు మూయును. అంతట రక్తమున చక్కెర పెరుగును. పెరిగిన చక్కెర మఱల రక్తనాళములలో శోథమును పెంచును. బీజమునుండి అంకురము, అంకురమునుండి మఱల బీజము. కన్ను, మూత్రపిండము, గుండె, పాదము క్రమముగా చెడుటకు ఈ నిప్పే ముఖ్యకారణములలో నొకటి.

ఇక శాకవర్ణముల సంగతి. చెట్లు మన కంటి సంతోషము కొఱకు రంగులు పూసికొనలేదు. ఆకుపచ్చ యగు పత్రహరితము సూర్యరశ్మిని పట్టి ఆహారము వండుకొనుటకు. గుమ్మడియందు, ముల్లంగిజాతివలె కనబడు ఎఱ్ఱ గాజరగడ్డయందు, బొప్పాయియందు ఉన్న పసుపు నారింజ వన్నెలు కెరోటినాయిడ్లు. ఇవి ఆకులందును దాగియుండి మిక్కుటమగు వెలుతురునుండి ఆకును కాపాడును. నేరేడు, నల్లద్రాక్ష, వంకాయతొక్క, నల్లబియ్యపు తవుడు, వీనియందలి ఊదా నీలి వన్నెలు ఆంథోసయనిన్లు. 1835లో జర్మనీ దేశపు మార్క్వార్ట్ పుష్పము, నీలము అను అర్థములుగల రెండు గ్రీకు పదములను కలిపి ఈ పేరు కల్పించెను. మామిడిచిగురు ఎఱ్ఱగా నుండుటకు కారణమును ఇవియే; లేత యాకునకు ఎండదెబ్బ తగులకుండ ప్రకృతి కప్పిన శాలువ అది. ఎఱ్ఱ తోటకూర, బీట్‌రూట్ వీని రంగు వేఱొక తెగ, బీటలైన్లని పేరు. పసుపుకొమ్మునందలి వన్నె కర్క్యుమిన్.

వీని స్వభావమును మన స్త్రీలు శాస్త్రజ్ఞులకంటె ముందే యెఱుగుదురు. పసుపునీటిలో సున్నము కలిపిన ఎఱ్ఱనగుట దిష్టి తీయు ప్రతి తల్లికిని తెలిసినదే. శంఖుపుష్పపు నీలినీటిలో నిమ్మరసము పిండి చూడుడు. అది ఊదారంగు దాల్చును. పులుపు తగిలిన నొక వన్నె, సున్నము తగిలిన నొక వన్నె. ఈ వర్ణములను శోధించి విల్‌స్టేటర్ 1915లో నోబెల్ బహుమానము నందెను. మన తెలుగునేలకును ఈ శాస్త్రమున భాగము కలదు. ఆచార్య టి. ఆర్. శేషాద్రిగారు 1930ల నుండి 1949 వఱకు వాల్తేరునందలి ఆంధ్ర విశ్వకళాపరిషత్తున రసాయనశాస్త్రము బోధించుచు, ప్రత్తిపూవులు మొదలగువాని వర్ణద్రవ్యములను పరిశోధించి లోకప్రసిద్ధులైరి. ప్రత్తిచేలు మన మందఱమును చూచితిమి; ఆ పూవు పసుపుపచ్చదనమున నేమున్నదని యడిగినవారు వారు.

ఈ వర్ణములు శోథమును నిజముగా తగ్గించునా? ప్రయోగశాలలో కణములపై పోసి చూచినపుడు, ఆంథోసయనిన్లును కర్క్యుమినును శోథమును రేపు మీట లను అణచుట, కణము యొక్క స్వరక్షణశక్తిని మేలుకొలుపుట పలుమార్లు కనబడినది. కాని గాజుపాత్ర వేఱు, మనుష్యదేహము వేఱు. ఆంథోసయనిన్లలో స్వల్పభాగమే యథాతథముగా రక్తమును జేరును. తక్కినదానిని ప్రేగులలోని సూక్ష్మజీవులు చిన్న చిన్న పదార్థములుగా మార్చి యిచ్చును. కావున మనుష్యులయందు జరిగిన పరీక్షలనే అడుగవలయును.

2012లో అమెరికాలో సుమారు రెండు లక్షలమంది ఆరోగ్యోద్యోగుల ఆహారమును ఏండ్ల తరబడి గమనించి ప్రకటించిన పరిశీలనలో, ఆంథోసయనిన్లు గల పండ్లు ఎక్కువగా తినువారికి రెండవ తెగ మధుమేహము తక్కువగా వచ్చినట్లు తేలినది. 2013లో అట్టి జనులయందే వేఱొక సంగతి బయల్పడినది. నల్లద్రాక్షవంటి పండ్లను పండ్లుగా తిన్నవారికి మేలు కలిగినది. పండ్లరసములు త్రాగినవారికి ముప్పు పెరిగినది. 2010లో స్థూలకాయులగు ముప్పదిరెండుగురిపై ఆఱువారములు జరిగిన పరీక్షలో, బ్లూబెర్రీ అను నీలిపండ్ల చూర్ణము పుచ్చుకొన్నవారికి ఇన్సులిన్ బాగుగా పనిచేసినది. కాని రక్తమునందలి శోథచిహ్నములు మాఱలేదు. దీనిని గూడ దాచక చెప్పుట నా విధి. మేలు కలదు, అది మెల్లని మేలు, చిన్న మేలు, దినదినమును కూడబెట్టుకొనవలసిన మేలు.

“ఐనచో ఆ రంగును పిండి మాత్రగా చేసి మ్రింగిన పోలేదా?” అని మీ రడుగవచ్చును. లోకము ఆ ప్రశ్నను ముందే యడిగి జవాబు పొందినది. గాజరయందలి బీటా కెరోటిన్‌ను మాత్రలుగా చేసి అమెరికాలో ఇరువదిరెండువేలమంది వైద్యులతో పరీక్ష జరిపిరి. సగముమందికి ఆ మాత్ర, సగముమందికి వట్టి మాత్ర. పండ్రెండేండ్లు చూచిరి. మధుమేహము రెండు పక్షములందును సమానముగానే వచ్చినదని 1999లో ప్రకటించిరి. అంతకుముందు 1994లో ఫిన్లండు దేశమున ఇరువదితొమ్మిదివేల పొగత్రాగువారిపై జరిగిన పరీక్షలో, ఆ మాత్ర మ్రింగినవారికి ఊపిరితిత్తుల పుట్టకురుపు తగ్గుటకు మాఱుగా పెరిగినది. గాజరగడ్డ తిన్నవానికి అట్టి కీడు లేదు. వన్నె ఒక్కటియే వచ్చుట వేఱు. తన పీచుతో, తన నీటితో, తన తొక్కతో, తన బంధువర్గముతో గూడి వచ్చుట వేఱు.

ఇప్పుడు పసుపు వద్దకు వచ్చితిని. నా యింటి కథకును వచ్చితిని.

వాగ్భటుడు అష్టాంగహృదయమున, ఏ వ్యాధికి ఏది శ్రేష్ఠమో చెప్పుచు, ప్రమేహమునకు ఉసిరికయు పసుపును శ్రేష్ఠములనెను. ఆ శ్లోకమును నేను బడిలో చెప్పితిని, పెండ్లిపందిళ్లలో చెప్పితిని, మన సంఘసభలలోను చెప్పితిని. చెప్పినప్పుడెల్ల జనులు తలలూచిరి. నాకు గర్వము కలిగినది. నా తమ్మునికి మధుమేహము వచ్చి కొన్నియేండ్లయినది. ఒకనాడు వాడు మా యరుగుమీద కూర్చుండియుండగా, వానికిని ఆ శ్లోకమును చదివి అర్థము చెప్పితిని. “అన్నయ్యా! శాస్త్రమే చెప్పిన తరువాత ఈ తెల్లమాత్ర లెందుకు?” అనెను. నేను నవ్వి యూరకుంటిని. కాదని యనలేదు. ఆ మౌనమే నా తప్పు.

వాడు మాత్రలు మానెను. మెఱయు పసుపుపచ్చని పొట్లములలో చూర్ణమును అమ్మువాడొకడు ఊరూర తిరుగుచుండగా వానియొద్ద కొని, ఉదయము, సాయంకాలము, నియమముగా పదునొకండు మాసములు సేవించెను. రక్తపరీక్ష చేయించుకొనలేదు. చేనిలో తుమ్మముల్లు పాదమున దిగినది. నరములు మొద్దువాఱియుండుటచే వానికి తెలియలేదు. పుండు పడినది, నల్లబడినది. పట్టణమునకు తీసికొనిపోవునప్పటికి మోకాలిక్రిందుగా కాలు తీయక తప్పలేదు. ఆసుపత్రి వసారాలో మా మఱదలు నాతో నొక్క మాటయే యన్నది: “బావగారూ! మీరు చెప్పినదే ఆయన చేసినారు.” అందులో నిష్ఠురము లేదు. ఉండినచో నాకు తేలికగా నుండెడిది.

నా తమ్ముడు నేడు ఈ సభలో ముందు వరుసయందే కూర్చుండియున్నాడు. వాని యనుమతితోనే ఈ కథ చెప్పితిని. “చెప్పు అన్నయ్యా, మఱియొకని కాలైన నిలుచును” అనెను.

ఆ తరువాత నేను గ్రంథములను మఱల విప్పితిని. చరకుడు ప్రమేహరోగికి యవలను ప్రధానాహారముగా విధించెను. సుశ్రుతుడు బీదవాడగు ప్రమేహరోగికి నూఱు యోజనములు నడువుమనెను, మునివలె శ్యామాకము, నీవారము తిని జీవింపుమనెను, బావి త్రవ్వుమనెను. శ్యామాకమనగా చామవంటి చిఱుధాన్యము. నీవారమనగా నివ్వరి, దున్నని నేలను తనంత పండు ధాన్యము. ఈ నడకను, ఈ ముతక ధాన్యమును, ఈ చెమటను నేను సభలలో చెప్పలేదు. సగము గ్రహించి సగము విడుచుటను మన శాస్త్రకారులు అర్ధజరతీయ మనిరి. పిల్లలకు ఆ న్యాయమును బోధించినవాడనే. నా యింట దానినే యాచరించితిని. పసుపును చూపితిని, యవలను చూపనైతిని.

పసుపునకు గుణము లేదా? కలదు. 2012లో థాయిలాండు దేశమున, మధుమేహము వాకిట నిలిచిన 240 మందిపై తొమ్మిది మాసములు పరీక్ష జరిగినది. కర్క్యుమిన్ పుచ్చుకొన్నవారిలో నొక్కరికిని వ్యాధి రాలేదు. వట్టి గుళికలు మ్రింగినవారిలో నూటికి పదునాఱుగురికి పైగా వచ్చినది. సంతోషింపదగినదే. కాని లెక్క చూడుడు. వారికిచ్చిన కర్క్యుమిన్ దినమునకు ఒకటిన్నర గ్రాము. పసుపునందు అది నూటికి మూడుపాళ్లు మాత్రమే యనుకొందము. ఆ మోతాదునకు దినమునకు ఏబది గ్రాముల పసుపు తినవలయును! కూరలో పడునది చిటికెడు. కాబట్టి కూరలోని పసుపు ఆహారము. ఆ గుళిక ఔషధము. ఔషధమైనచో దానికి వైద్యుడు కావలయును. పసుపు సత్తు రక్తమున సులభముగా కలియదు. మిరియపు సత్తు కలిపిన అనేకరెట్లు కలియునని 1998లో బెంగళూరు శాస్త్రజ్ఞులు చూపిరి. ఆ కిటుకుతో చేసిన గుళికలవలననే కొందఱికి కాలేయము చెడినట్లు 2022లో అమెరికా వైద్యులు ప్రకటించిరి. ఇంకొక ముప్పు: పసుపునకు మెఱుగు వచ్చుటకై సీసముగల రంగును కలుపు దుర్మార్గము బంగ్లాదేశమున జరుగుచున్నట్లు 2019లో వెల్లడియైనది. మిక్కిలి మెఱయు పొడిని శంకింపుడు. కొమ్ములు కొని దంచుకొనుడు.

మాత్రలను తెల్లమాత్రలని ఈసడించువారికి ఒక్క మాట. మనలో పెక్కుమంది వాడు మెట్‌ఫార్మిన్ మందునకు మూలము ఐరోపాఖండమున మొలచు గలేగా అను మొక్కయందలి సత్తే. దానికి సంబంధించిన పదార్థమును శాస్త్రజ్ఞులు ప్రయోగశాలలో తయారుచేసి, పరీక్షించి, 1957లో జాఁ స్టెర్న్ అను ఫ్రెంచి వైద్యుడు రోగులయందు దాని ఫలమును ప్రకటించెను. మొక్కను తూచి, పరీక్షించి, హద్దు తెలిసికొన్నపుడు అది మందైనది. చెట్టు మందునకు శత్రువు గాదు. చెట్టుపేర మందును మానుటయే శత్రువు.

ఇక మన విస్తరి వద్దకు రండు. నేటి మధ్యాహ్నము మనకు వడ్డింపబడినది రుచిగా నుండినది. వంటవారికి నా కృతజ్ఞత. అందేమున్నవో మాత్రము రంగు చొప్పున లెక్కింతము. తెల్లని యన్నము, తెల్లని పెరుగు, బంగాళాదుంపల వేపుడు, అప్పడము, పులిహోర, బూరెలు, సేమ్యా పాయసము. తెలుపు, లేబసుపు. పులిహోరలో పసుపున్నదిగదా యని నావంటివాడు తృప్తిపడవచ్చును! ఆకుపచ్చ యేది? ఎఱుపేది? నీలమేది? 2020లో ఇరువదియొక్క దేశములయందలి 1,32,373 మందిపై జరిగిన పరిశీలన ఫలితము వెలువడినది. మన దక్షిణాసియాఖండమున దినమునకు 450 గ్రాములకు పైగా తెల్లని యన్నము తినువారికి, 150 గ్రాములలోపు తినువారికంటె మధుమేహపు ముప్పు నూటికి అఱువదియొకపా లెక్కువగా నుండినది. బియ్యమును మరపట్టించి తెల్లగా చేయునపుడు పోవునది తవుడు మాత్రమే గాదు. ఎఱ్ఱబియ్యపు టెఱుపు, నల్లబియ్యపు నలుపు అన్నియు ఆ తవుటితోనే పోవును. వర్ణమును గేదెకు పెట్టి, తెలుపును మనము తినుచున్నాము.

కావలసినది దూరదేశపు నీలిపండు గాదు. మన పెరటియందే వర్ణమాల యంతయు గలదు. తోటకూర, గోంగూర, మునగాకు, కరివేపాకు, గుమ్మడి, టమాటా, తొక్కతీయని వంకాయ, ఎఱ్ఱయుల్లి, వానకాలపు తొలిదినములలో నేరేడు, చలికాలమున ఉసిరిక, పొట్టు మినుములు, రాగులు, కొఱ్ఱలు. వండుటయందు రెండు సూత్రములు చాలును. గుమ్మడి, ఆకుకూరలయందలి కెరోటినాయిడ్లు నూనెలో కరగునవి. కొంచెము పోపు లేనిదే ఒంటికి పట్టవు. వంకాయ, ఎఱ్ఱ తోటకూర వీని వన్నెలు నీటిలో కరగునవి. ఉడికించి నీరు వార్చిన ఆ వన్నె కాలువపాలగును. పండును కొఱికి తినుడు, పిండి త్రాగవలదు. మామిడియందు వన్నె యున్నను చక్కెరయు నున్నది. ఒక ముక్కతో చేయి కడుగుడు.

హెచ్చరికలును కలవు. మూత్రపిండములు చెడినవారికి ఆకుకూరలు, కొన్ని పండ్లు మితిమీఱిన హానికరములు. రక్తము గడ్డకట్టకుండ వార్ఫరిన్ వాడువారు ఆకుకూరలను ఒకనాడు రాశిగా, ఒకనాడు శూన్యముగా తినరాదు. ఇట్టివారు వైద్యుని యడిగియే ఆహారమును మార్చుకొనవలయును. కూర మార్చితిమిగదా యని మాత్రను తగ్గించుట యెవ్వరికిని తగదు. చక్కెర తగ్గినచో వైద్యుడే మాత్రను తగ్గించును. ఆ యధికారము మనది గాదు, మన శ్లోకముది గాదు.

తుదకు మన సంఘమునకు మూడు విన్నపములు.

దాతలారా! మీరు ఏటేట వార్షికభోజనమునకు ధనమిచ్చుచున్నారు. తీపివంటకముల సంఖ్యనుబట్టి దాతృత్వమును కొలుచు అలవాటు మనలో నెట్లో యేర్పడినది. వచ్చు సంవత్సరమునుండి ఒక తీపి చాలును. తక్కిన ధనముతో ఒక ఆకుకూర పప్పు, ఒక రంగుకూర, దంపుడుబియ్యపు టన్నమో కొఱ్ఱన్నమో పెట్టింపుడు. హైదరాబాదునందలి జాతీయ పోషకాహార సంస్థవారు 2024లో ఇచ్చిన సూచనయు ఇదియే: కంచమున సగము కూరగాయలు, ఆకుకూరలు, పండ్లు ఉండవలయును. విస్తరిలో సగము రంగైనచో మీ కీర్తికి లోపము రాదు.

రెండవది మన విద్యార్థి వసతిగృహము. అచ్చటి పిల్లలు తెల్లని యన్నమును, పలుచని సాంబారును తిని పెరుగుచున్నారు. నేటి వారి కంచమే నలువదేండ్ల నాటి వారి పాదము. వసతిగృహపు దొడ్డిలో తోటకూర మడులు వేయించి, రెండు మునగచెట్లు నాటింపుడు. ఖర్చు స్వల్పము. నీరు పోయు పని పిల్లలకే యప్పగింపుడు. సుశ్రుతుడు చెప్పిన చెమట కొంత వారికిని దక్కును.

మూడవది, ప్రతి వార్షికసభయందును రక్తపరీక్షకును, పాదపరీక్షకును ఒక బల్ల వేయింపుడు. పాదమున స్పర్శ యున్నదో లేదో తెలిసికొనుటకు కొద్ది నిమిషములు చాలును. ఆ కొద్ది నిమిషములు మా యింట నెవ్వరును వెచ్చింపలేదు.

సోదరులారా! పెద్దలు చెప్పినదానిని మఱచుట యొక దోషము. పెద్దలు చెప్పినదానిలో మనకు ప్రియమైన సగమును మాత్రమే యేఱుకొనుట అంతకంటె పెద్ద దోషము. పసుపును కూరలో వేసికొనుడు, మాత్రను వేళకు వేసికొనుడు, ప్రొద్దున లేచి నడువుడు. నేను ఇకమీదట ఎచ్చటనైనను వాగ్భటుని శ్లోకము చదివినచో, యవలను, నూఱు యోజనములను గూడ చెప్పక దిగను. నేను మఱచినచో గుర్తుచేయుటకు ముందు వరుసలో నా తమ్ముడున్నాడు.